పెంచలమ్మ చెప్పని సంగతి

దేవసహాయం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాడు ఆ జవాబుతో ఏం చేయబోతున్నాడో ముందు కనుక్కుంటారు. పేద పిల్లలకు ఉపకారవేతనమూ నాయకత్వ శిక్షణా కలిపి ఇచ్చే ఒక పథకాన్ని విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్లు నడిపిన మనిషి ఆయన. ఆ పథకంలోనే చదివి బ్యాంకు మేనేజరయిన రత్నం ఒక ఆదివారం ఆయన్ని చూడటానికి వచ్చాడు.

"మాస్టారూ, ఈసారి ఎంపికకు నన్ను కూడా రమ్మన్నారు. వచ్చే వారమే. ఆ అన్నం తిని పైకొచ్చినవాళ్లం, దానికి మేమెట్లా పనికిరావాలి? ఆ బల్ల దగ్గర మాలాంటివాడు ఎట్లా కూర్చోవాలి?"

"వెన్ను నిటారుగా పెట్టి కూర్చో" అన్నారు మాస్టారు. రత్నం నవ్వాడు. ఆయన నవ్వలేదు. "మన సుంకన్న తెలుసుగా నీకు?"

సుంకన్నను తెలియనివాడు ఆ పథకంలో లేడు. మొదటి జట్టు విద్యార్థి. ఇప్పుడు నీటిపారుదల శాఖలో పెద్ద ఇంజనీరు. చదువైపోయాక చాలామంది ఫోను కూడా ఎత్తరు. సుంకన్న మాత్రం ఏ ఏడూ ఎంపికకు రాకుండా ఉండలేదు. పిల్లలకు జబ్బు చేస్తే ఆస్పత్రిలో పక్కన కూర్చుంటాడు, చదువు పూర్తయినవాళ్లకు తిరిగి తిరిగి పని చూపిస్తాడు. అతని మంచితనానికి వంక పెట్టేవాడు నోరు కడుక్కోవాలి. ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

ఆ ఎంపికలో ఒక ఆనవాయితీ ఉంది. చదువు సంగతి అయ్యాక, వచ్చిన పిల్ల గానీ పిల్లవాడు గానీ లేచి నిలబడి తన ఇంటి కష్టం చెప్పాలి. పూర్వ విద్యార్థులంతా వింటారు. ఏ నియమావళిలోనూ ఇది లేదు. మొదటి ఏడు సుంకన్న తన తండ్రి ఎట్లా చనిపోయాడో చెప్పి ఏడిస్తే, గదంతా ఏడ్చి పథకంలో చోటిచ్చింది. అంతే, అది పద్ధతయింది. లేనివాడి చేతిలో మెతుకు పెట్టేముందు వాడి పుండు విప్పి చూడటం ఈ దేశంలో పాత అలవాటు. పుండు ఉన్నవాళ్లు పెద్దవాళ్లయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు.

మాస్టారు చెప్పడం మొదలుపెట్టారు.

"నేను రిటైరయ్యాక ఒక ఏడు చుట్టపుచూపుగా పిలిస్తే వెళ్లాను. పెంచలమ్మ అనే పిల్ల వచ్చింది. నెల్లూరు వైపు అభ్రకం గనుల దగ్గరి ఊరు. తల్లి షెడ్డులో కూర్చుని అభ్రకం రేకులు విడదీసే పని చేస్తుంది. పిల్ల లెక్కల్లో చురకత్తి. ఎమ్మెస్సీలో సీటొచ్చింది, ఈ సాయం అందితేనే హాస్టల్లో చేరగలదు. లేకపోతే ఆ షెడ్డులోనే తల్లి పక్కన పీట వేసుకోవాలి. లెక్కలడిగితే నవ్వుతూ చెప్పింది. తర్వాత సుంకన్న చాలా మెత్తగా అడిగాడు: 'మీ నాన్న పోయాడని రాశావు. ఎట్లా పోయాడమ్మా?'

"ఆ పిల్ల లేచి నిలబడింది. 'పోయాడు సార్' అంది.

"'అదే, ఎట్లా?'

"'అది మా అమ్మది సార్. ఇక్కడ చెప్పుకోమని నాకివ్వలేదు.'

"సుంకన్న పక్కన మన లెక్చరరమ్మ ఒకామె కూర్చుంది, ఆమె కూడా ఈ పథకం బిడ్డే. 'మేమంతా చెప్పుకునే వచ్చాం తల్లీ. నీ నోట్లోంచి ముత్యాలేమైనా రాలిపోతాయా?' అంది. అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వబోయి ఆగిపోయింది.

"సుంకన్న కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. 'చూడమ్మా, ఇది నాయకత్వానికిచ్చే సాయం. నాయకుడంటే నలుగురిలో నోరు విప్పాలి' అన్నాడు.

"'విప్పాను గదా సార్. చెప్పనన్నాను.'"

మాస్టారు కాసిని మంచినీళ్లు తాగారు. మళ్లీ అందుకున్నారు.

"పిల్లను బయటికి పంపి మాట్లాడుకున్నారు. పొగరన్నారు ఒకరు. మనతో కలవదన్నారు ఇంకొకరు. ఆ మార్కులు చూడండిరా అన్నాను. సుంకన్న లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'మాస్టారూ, మా నాన్న చావే నన్ను చదివించింది. ఆ పిల్లకు వాళ్ల నాన్న ఎందుకు పనికిరాకూడదు?' అన్నాడు. కళ్లనిండా నీళ్లు. వాడు దొంగమాట ఆడటంలేదు రత్నం. నిజంగానే అడిగాడు. నాకు జవాబు తోచేలోపల వాళ్లు వద్దని చేతులెత్తి ఓటేశారు. నాయకత్వ లక్షణం లేదని తేల్చారు. ఆ సాయం ఇంకొకరికి పోయింది."

"ఆ పిల్ల ఏమంది?"

"ఏమంటుంది? నమస్కారం పెట్టింది. మేం పెట్టించిన భోజనం తినకుండా బస్సెక్కింది."

"తర్వాత?"

"ఆ సంక్షేమ శాఖా ఈ ట్రస్టూ అంటూ నేను తిరిగేసరికి ఎమ్మెస్సీలో చేరే గడువు దాటింది. వాళ్ల ఊరు వెళ్లాను. షెడ్డులో ఉంది. తలనిండా ఆ మెరిసే దుమ్ము. వచ్చే ఏడు మళ్లీ రామ్మా, నేను మాట్లాడతానన్నాను. 'వద్దు సార్, వాళ్లు మళ్లీ అదే అడుగుతారు' అంది. తల్లి దగ్గుతూ నాకు మజ్జిగ ఇచ్చింది. ఆ దగ్గు ఇప్పుడు పిల్లకు కూడా పట్టుకుందని మొన్న కబురొచ్చింది."

రత్నం కూడా ఒకప్పుడు ఆ గదిలో నిలబడి చెప్పినవాడే. బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తుంటే అది అందుకోవడంలేదు. రత్నం ముందుకు వంగాడు. గొంతులో నిజమైన జాలి ఉంది.

"పాపం. ఇంతకీ వాళ్ల నాన్న ఎట్లా పోయాడు మాస్టారూ?"

మాస్టారు అతని మొహంలోకి చూశారు.

"వచ్చే వారం గదా అన్నావు" అన్నారు. "అప్పుడే ఆ బల్ల దగ్గర కూర్చున్నావే."