పైకప్పుల దొంగ, పచ్చడి జాడీ

అనగనగా ఒక రాజు. పేరు భీమకేతుడు, ఏలేది నేరేడుసీమ. ఒకరోజు పొద్దున్నే ఆయన కళ్ళు తెరిచేసరికి నెత్తిన ఆకాశం కనిపించింది. కలేమో అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఇంతలో ఒక కాకి వచ్చి ఆయన బొజ్జ మీద వాలింది. కల కాదని అప్పుడు తెలిసింది. గోడలు ఉన్నాయి, మంచం ఉంది, మంచం పక్కన మంచినీళ్ళ చెంబు ఉంది. పైకప్పు ఒక్కటే లేదు. ఒక్క పెంకు ముక్కయినా కింద రాలలేదు. రాజుగారికి నోట మాట రాలేదు. మీ ఇంటి కప్పు పోతే మీకు మాత్రం వస్తుందా?

మొదటి రోజు పడకగది కప్పు పోయింది. రెండో రోజు కొలువుకూటం కప్పు పోయింది, మంత్రులు గొడుగులు వేసుకుని కొలువు చేశారు. మూడో రోజు వంటింటి కప్పు పోయింది. దాంతోపాటు రాణిగారూ పోయారు.

నవ్వకండర్రా, చెప్పేది వినండి. రాణిగారి పేరు మాణిక్యాంబ. ఎంతమంది దాసీలున్నా ఆవకాయ జాడీని మాత్రం ఆవిడ ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. పాత చీర ముక్కతో దానికి వాసెన కట్టి, అటక మీద పెట్టుకునేది. రోజూ తనే నిచ్చెనెక్కి, చెయ్యి పొడిగా తుడుచుకుని, ఆ పూటకి కావలసింది తీసేది. ఆ పొద్దున కూడా ఎక్కింది. కింద చిన్నకొడుకు చిత్రకేతుడు నిచ్చెన పట్టుకున్నాడు. చూస్తుండగానే కప్పు, కప్పు కింది అటక, అటక మీద అమ్మ, అమ్మ చంకలో జాడీ, అన్నీ కలిసి గాల్లోకి లేచాయి.

"నాయనా, నిచ్చెన వదలకు" అంది అమ్మ పైనుంచి.

అంతే, పడమటి దిక్కున మబ్బుల్లో కలిసిపోయింది. చిత్రకేతుడు నిచ్చెన వదల్లేదు. అమ్మ చెప్పింది కదా. సాయంత్రం దాకా కొయ్యబారి అలాగే నిలబడ్డాడు. చివరికి వాళ్ళ నాన్న వచ్చి ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది.

వాడి బాధకి ఇంకో కారణం కూడా ఉంది. వాడికి ఆరేళ్ళప్పుడు ఒకసారి దొంగతనంగా అటకెక్కి, తడి చేత్తో జాడీలోంచి ఆవకాయ ముక్క తీసుకున్నాడు. నెల తిరిగేసరికి ఏడాది పచ్చడి మొత్తం బూజు పట్టింది. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు, వంటింటి గడప మీద కూర్చుని ఏడ్చింది. అది చూసి వాడు బెదిరిపోయాడు. ఆనాటి నుంచి ఏ వస్తువు ముట్టుకోబోయినా ముందు చెయ్యి తుడుచుకోవడం వాడికి అలవాటైపోయింది. కత్తి పట్టుకోవాలన్నా తుడుచుకునేవాడు, గుర్రాన్ని నిమరాలన్నా తుడుచుకునేవాడు. అన్నలిద్దరూ ఎగతాళి చేసేవారు.

పెద్దన్న రణకేతుడు ఓడెక్కి అమ్మను వెతకడానికి వెళ్ళాడు. పది రోజులైనా రాలేదు. నడిమివాడు జయకేతుడు వెళ్ళాడు. అతనూ రాలేదు.

"నేను వెళ్తాను నాన్నా" అన్నాడు చిత్రకేతుడు.

"ఉన్న ఒక్కణ్ణీ పంపించి, కప్పు లేని ఇంట్లో నేనొక్కణ్ణీ కూర్చోనా?" అన్నాడు రాజు.

అప్పుడు మొండిగోడ మీద కూర్చున్న ఒక కొంగ గొంతు సవరించుకుంది. "పంపించండి మహారాజా. మీ వంటింటి కప్పు మీద నా గూడుంది. గూట్లో మూడు గుడ్లున్నాయి. నా బాధా అదే కదా. నేను మోసుకెళ్తాను" అంది.

కొంగ మాట్లాడేసరికి రాజు గుడ్లు తేలేశాడు. అయినా ఆ నెలలో ఆయన చూసిన వింతల ముందు కొంగ మాట ఎంత? సరేనన్నాడు.

ఒక సముద్రం దాటారు. రెండు సముద్రాలు దాటారు. మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఏడో సముద్రం దాటుతుండగా వాన మొదలైంది. జల్లుగా పడుతుంది, సన్నగా పడుతుంది, ఒక్కోసారి ఎండలోనే పడుతుంది, ఆగడం మాత్రం ఆగదు. ఆ వానలో ఒక దీవి కనిపించింది. అంత పచ్చదనం చిత్రకేతుడు నారుమడిలో కూడా చూడలేదు. మట్టీ సున్నమూ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గట్లు, గట్ల మధ్య గొర్రెలు, ఎక్కడో ఒక ఒంటరి ముళ్ళచెట్టు, దాని కొమ్మలకి ఎవరెవరో మొక్కుకుని కట్టిన గుడ్డపీలికలు. మనిషి జాడ లేదు.

కొంగ వాణ్ణి ఒక కోట ముందు దింపింది. ఎంత పెద్ద కోటనుకున్నారు? పది తాటిచెట్ల ఎత్తు గోడలు. కిటికీల్లో కాకిగూళ్ళు. గోడల మీద గడ్డి. పైకప్పు మాత్రం లేదు. లోపలికి వెళ్ళి చూద్దామని వాడు అడుగు పెట్టాడు, వెనకే ఒక గొర్రె కూడా వచ్చింది. దాని వీపు మీద నీలం మచ్చ ఉంది.

కోట నడిమి గదిలో గోడ పక్కన రెండు రాళ్ళు నిలబడి ఉన్నాయి. మొదటి రాయికి మెలితిప్పిన మీసం ఉంది. రెండో రాయికి నడుము పట్టా, దానికి మూడు పూసలు తక్కువైన కత్తిపిడి ఉన్నాయి. ఆ పూసలు ఊడగొట్టింది చిన్నప్పుడు చిత్రకేతుడే. ఇద్దరి కుడి అరచేతులూ గోడకి ఆని ఉన్నాయి.

"అన్నయ్యా" అంటూ చెయ్యి చాచాడు. చాచి, అలవాటు కొద్దీ ఆగాడు. చెయ్యి వానకి ముద్దయి ఉంది. పంచెకి తుడుచుకుందామంటే పంచే తడి, ఉత్తరీయానికి తుడుచుకుందామంటే అదీ తడే. పక్కన గొర్రె ఉంది. గొర్రె బొచ్చు పైన తడిసినా లోపల పొడిగా ఉంటుందని వాడికి తెలుసు. మొహమాటం లేకుండా చెయ్యి లోపలికంటా దూర్చి శుభ్రంగా తుడుచుకుని, అప్పుడు అన్న చెంప ముట్టుకున్నాడు. ఏమీ కాలేదు.

గొర్రె కళ్ళు పెద్దవి చేసుకుని వాణ్ణి చూసింది. "నువ్వు రాయివి కాలేదేం?" అంది.

చిత్రకేతుడు నిజంగానే రాయి అయినంత పనైంది. "నువ్వు మాట్లాడతావా?"

"ఈ దీవిలో రాయిని తాకి కూడా మనిషిగా మిగిలినవాడితోనే మాట్లాడగలను. నాకు అలా శాపం పెట్టాడు ఒక మాంత్రికుడు. ఇన్నేళ్ళలో ఒక్కరూ మిగల్లేదు, నువ్వే మొదటివాడివి" అని గొర్రె చెప్పుకొచ్చింది. "వాడి పేరు మేఘదంష్ట్రుడు. తడి చేత్తో ఇక్కడి రాయిని ముట్టుకున్నవాడు రాయైపోవాలని మంత్రం వేశాడు. ఎప్పుడూ వానే కదా, తడవని చెయ్యి ఎవరికుంటుంది? పాత కోట కనిపించగానే ప్రతివాడూ చేసే పని ఒకటే. ఆహా అని గోడ మీద చెయ్యేస్తాడు. మీ అన్నలూ అదే చేశారు."

"మరి వాడికి కప్పులెందుకు? మా అమ్మతో సహా వంటింటి కప్పు ఎత్తుకొచ్చాడు!"

"మంత్రం వేసినవాడికీ అదే మంత్రం తగులుతుంది. అందుకని తడుస్తానేమోనని వాడికి భయం. ఒక కప్పు కారుతుందేమోనని దాని మీద ఇంకో కప్పు, దాని మీద ఇంకోటి, నూరు కప్పులు పేర్చుకుని కింద కూర్చున్నాడు. నూరోది మీ వంటింటిదే."

"మా అమ్మ ఎక్కడుంది?"

గొర్రె సముద్రం వైపు నడిచింది.

ఒడ్డున వాడు చూసింది విన్నవాళ్ళెవరూ నమ్మరు. ఆరు పలకల రాతి స్తంభాలు, ఒకదాని పక్కన ఒకటి ఆనించి, తేనెపట్టులో గదుల్లా, నేల మీద నుంచి నీళ్ళలోకంటా వెళ్ళిపోయాయి. నలభై వేలుంటాయి. చిత్రకేతుడు ఆ వింత చూస్తూ ఒక దాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతూ వెళ్ళాడు.

"కాస్త మెల్లగా. ఇప్పుడు నువ్వు తొక్కింది ఒక దర్జీని. దాని పక్కది వాడి పెళ్ళాం. ఈ ఒడ్డున రాయైనవాళ్ళంతా ఇలా స్తంభాలే అవుతారు" అంది గొర్రె.

వాడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపాడు. కాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇదంతా మనుషులా? నలభై వేల మందా? చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఒక్కొక్క రాయికీ క్షమించమని చెప్పుకుంటూ నడిచాడు. ఇంతమందిలో అమ్మను ఎలా పోల్చుకోవాలి? ఒకటి చూశాడు, పది చూశాడు, వెయ్యి చూశాడు. అన్నీ నిటారుగా ఉన్నాయి. నీళ్ళ అంచున ఒక్కటి మాత్రం ముందుకి వంగి ఉంది, పొయ్యి మీదికి వంగినట్టు. దాని కింద నేల చారెడు పొడిగా ఉంది. ఆ పొడి చోట, పాత చీర ముక్కతో వాసెన కట్టిన జాడీ ఉంది.

కప్పు మీంచి దిగి, ఓడేదైనా కనిపిస్తుందేమోనని ఒడ్డుకొచ్చి, ఆవిడ తడి చేత్తో రాయిని పట్టుకుని ఉంటుంది. రాయైపోతున్నానని తెలిసి కూడా, జాడీ మీద వాన చుక్క పడకుండా వంగింది. చిత్రకేతుడు అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"కళ్ళు తుడుచుకుంటే చెయ్యి మళ్ళీ తడుస్తుంది" అంది గొర్రె. గొంతు మాత్రం మెత్తగా ఉంది. వీపు దగ్గరికి తెచ్చింది. వాడు చెయ్యి తుడుచుకుని జాడీ తీసుకున్నాడు.

"మాంత్రికుణ్ణి చంపడం ఎలా?" అన్నాడు.

"చంపలేవు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. చిలక కొండకొమ్మున గుండ్రటి గోపురంలో ఉంది. ఆ గోపురం తలుపు నేలకి ఇరవై మూరల ఎత్తున ఉంది, మెట్లు లేవు. పక్కనే వాడి ఇల్లు."

"చిలకా?" అని చిత్రకేతుడు ఒక్క క్షణం ఆలోచించాడు. "అదేం తింటుంది?"

"ఈ దీవిలో ఒకప్పుడు అందరూ తిన్నదే. కాల్చిన బంగాళాదుంప. ఉప్పు కూడా ఉండదు."

"పాపం" అన్నాడు వాడు.

కొంగను పిలుచుకుని కొండకొమ్ముకి వెళ్ళారు. కింద చూస్తే కళ్ళు తిరిగేంత లోతున సముద్రం నురుగు కక్కుతోంది. గోపురం కింద కొంగ గొడుగులా రెక్కలు చాపి నిలబడింది. ఆ రెక్కల కింద కూర్చుని చిత్రకేతుడు చెయ్యి గొర్రెకి తుడుచుకుని వాసెన విప్పాడు. ఆవపిండి, కొత్త కారం, నువ్వుల నూనె కలిసిన వాసన గోపురం పైదాకా పోయింది.

పై తలుపులోంచి పచ్చటి తల బయటికొచ్చింది. "అబ్బాయ్, అదేంటి?"

"ఆవకాయ. నీకెందుకులే, దుంపలు తినేదానివి."

"ఒక్క ముక్క" అంటూ చిలక వచ్చి వాలింది. ఒక ముక్క తిన్నది. రెండో ముక్క తిన్నది. మూడోది ఎర్రటి పిండితో సహా మింగింది. మీరెప్పుడైనా చిలక పండుమిరపకాయ తినడం చూశారా? దానికి కారం తెలియదు, చెరుకు ముక్క నమిలినట్టు నములుతుంది. కానీ లోపలున్న ప్రాణం దానిది కాదు కదా.

నూరు కప్పుల కింద కూర్చున్న మేఘదంష్ట్రుడు ఉన్నట్టుండి గావుకేక పెట్టాడు. వాడి బతుకులో కారమంటే ఏమిటో తెలియదు. నాలుక మండింది, చెవులు మండాయి, మాడు మండింది. ఇంట్లో నీటి చుక్క ఉంటే కదా, తడికి భయపడి ఉంచుకోలేదు. నూరేళ్ళుగా గడప దాటనివాడు వానలోకి పరుగెత్తుకొచ్చాడు. నోరు పైకి తెరిచి వాన తాగాడు, దోసిళ్ళతో గుంటలో నీళ్ళు తాగాడు. అప్పుడు చిలక నాలుగో ముక్క మింగింది. వాడికి కళ్ళు బైర్లు కమ్మాయి. పడిపోకుండా గోపురం గోడ పట్టుకున్నాడు.

తడి చేత్తో పట్టుకున్నాడు.

చిత్రకేతుడు బిత్తరపోయి చూస్తుండగా వేళ్ళు రాయయ్యాయి, మోచెయ్యి రాయయింది, తెరిచిన నోరు తెరిచినట్టే రాయయింది. ప్రాణం చిలకలో ఉంది కాబట్టి చావలేదు. వేసినవాడే రాయైపోవడంతో మిగతా అందరి మీదా మంత్రం మాత్రం తెగిపోయింది. వాన ఆగింది. ఒడ్డున నలభై వేల మంది ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని లేచారు. వాళ్ళు వదిలేసిన ఆరు పలకల పెంకులు అక్కడే ఉండిపోయాయి. కోటలోంచి అన్నలిద్దరూ కళ్ళు నులుముకుంటూ వచ్చారు.

వెనక్కి తిరిగి చూస్తే గొర్రె లేదు. అక్కడ ఎర్రజుట్టు అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. భుజం మీద నీలం మచ్చ ఉంది.

"నా పేరు ఓర్లా. ఆ కోట మా నాన్నది, మొదట పోయిన కప్పు మాదే" అంది.

చిత్రకేతుడికి పొద్దుటి నుంచీ తను చేసిన పని గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు. "నేను... మీ ఒంటికి..."

"పదకొండుసార్లు చెయ్యి తుడుచుకున్నావు. ఇక నన్నెవరు చేసుకుంటారు? నువ్వే చేసుకో" అంది ఓర్లా.

అప్పుడే మాణిక్యాంబ కొండెక్కి వచ్చింది. ముగ్గురు కొడుకుల్నీ చూసింది, తెరిచి ఉన్న జాడీని చూసింది. చిత్రకేతుడు కాళ్ళ మీద పడబోయాడు.

"చెయ్యి తుడుచుకునే తీశావా?" అంది.

"తుడుచుకునే తీశానమ్మా."

ఆవిడ జాడీలోకి వంగి చూసింది. నూనె తేరుకుని ఎర్రగా నిగనిగలాడుతోంది, ఎక్కడా బూజు లేదు. అప్పుడు కొడుకుని దగ్గరికి లాక్కుని, వంటింటి గడప మీద ఏడ్చినట్టే ఏడ్చింది.

కప్పులన్నీ ఎవరి ఇళ్ళకి వాళ్ళవి ఎగిరిపోయాయి. నేరేడుసీమ వంటింటి కప్పు మీద మూడు కొంగపిల్లలు కూడా ఉన్నాయి. మాది అనడానికి మనిషి మిగలని ఇళ్ళ కప్పులు దారి తెలియక మబ్బుల్లో కలిసిపోయాయి. ఆ దీవిలో కొన్ని కోటలు మొండిగా నిలబడి ఉన్నది అందుకే.

చిత్రకేతుడికీ ఓర్లాకీ పెళ్ళయింది. చిలక పెళ్ళిలో మూడు పూటలా విస్తరి దగ్గరే ఉంది, దీవిలో రాతి మాంత్రికుడి నోరు మూడు పూటలా మండింది. తర్వాత వాళ్ళు అరవై ఏళ్ళు రాజ్యం ఏలారు, ఒక్క ఇంటికీ కప్పు లేదనిపించకుండా ఏలారు.

ఆ ఏటి నుంచి మాణిక్యాంబ అటకెక్కడం మానేసింది. రోజూ పొద్దున చిత్రకేతుడే చెయ్యి తుడుచుకుని ఎక్కేవాడు, ఆవిడ కింద నిలబడేది.

"అమ్మా, నిచ్చెన వదలకు" అనేవాడు పైనుంచి.

ఆవిడ వదిలేది కాదు.