తడిచెయ్యి రాకుమారుడు

ఊఁ కొడితేనే చెబుతాను, లేదంటే పోయి పడుకోండి. సరే, వినండి. అనగనగా రత్నగిరి అని ఒక రాజ్యం, దానికి ఒక రాజు. ఆయన రాణి పేరు వకుళాదేవి. వాళ్లకి ముగ్గురు కొడుకులు.

రాణి అంటే పట్టుపరుపు మీద కూర్చుని తాంబూలం నములుతుందనుకున్నారా? కాదర్రా! కోట వెనక పెరట్లో వంగ, సొర, మిరప అన్నీ తనే వేసేది, తనే నీళ్లు పోసేది. కాపు అయిపోవస్తుంటే ఒక్క కాయ పారేసేది కాదు. వంకాయలు తరిగి ఉప్పేసి ఎండబెట్టి ఒరుగులు చేసేది. ముదిరిన సొరకాయ ఎండబెట్టి నీళ్లబుర్ర చేసేది. మిరపపళ్లు ఉప్పూ చింతపండూ వేసి దంచి జాడీకెత్తేది. ఆ పచ్చడి ఏడాదైనా చెక్కుచెదిరేది కాదు.

చిన్నకొడుకు మణిధరుడికి ఆ పచ్చడంటే ప్రాణం. చెయ్యి కడుక్కోవడం, తుడుచుకోకుండా జాడీలో పెట్టడం! "ఒరేయ్, తడిచెయ్యి పెట్టకురా! బూజు పడుతుంది!" అని రాణి రోజూ మొత్తుకునేది. వింటేగా!

ఒక ఏడు రాణి చివరి మిరపపళ్లు కోస్తోంది. ఉన్నట్టుండి పెరడంతా పొగ కమ్మింది. పొగలోంచి ఇంత గడ్డం వేసుకుని మాంత్రికుడు ధూమ్రకేశుడు దిగాడు! రాణిని, మిరపపళ్ల బుట్టతో సహా ఎత్తుకుపోయాడు. పట్టపగలే! అమ్మమ్మమ్మ! రాజు కొడుకుల్ని పిలిచి, వెళ్లి అమ్మని తెమ్మన్నాడు.

మాంత్రికుడి కోట ఏడు సముద్రాల అవతల. పెద్దకొడుకు బూరెలు మూట కట్టుకుని బయలుదేరాడు. మూడో సముద్రంలో బూరెలు పాడైపోయాయి, ఆకలికి ఆగలేక తిరిగొచ్చాడు. రెండోవాడు పులిహోర పట్టుకెళ్లాడు. అదీ పాచిపోయింది, వాడూ తిరిగొచ్చాడు. మణిధరుడు మాత్రం అమ్మ చేసిన ఒరుగులు మూట కట్టాడు. సొరబుర్రలో పెరటి బావినీళ్లు పోసుకున్నాడు.

ఒడ్డున ఒక తాబేలు, "నాకూ పెడతానంటే నా వీపెక్కు" అంది. ఒక సముద్రం దాటారు, ఒరుగులు నమిలారు. ఇంకో సముద్రం దాటారు, ఒరుగులు నమిలారు. అలా ఏడూ దాటేశారు. అన్నీ అయ్యేసరికి బుర్రలో గుక్కెడు నీళ్లు మిగిలాయి.

ఒడ్డున చెట్టుమీద ఒక చిలక. మణిధరుడు ఎగిరి దాని మెడ పట్టుకున్నాడు. "నీలోనేగా వాడి ప్రాణం!"

"వదులు నాయనా, వదులు! వచ్చిన ప్రతివాడూ నా మెడే పట్టుకుంటాడు!" అంది చిలక. "నేనొక రాజు కూతుర్ని. మీలాంటివాళ్లని మోసం చెయ్యడానికే వాడు నన్ను చిలకని చేశాడు."

"మరి మా అమ్మని ఎత్తుకొచ్చినవాడి ప్రాణమెక్కడుంది?"

"మీ అమ్మ పెట్టిన పచ్చడి జాడీలో!"

మణిధరుడు చిలక మెడ వదిలేశాడు. పచ్చడిలో ప్రాణమేమిటర్రా!

చిలక చెప్పింది. "మీ అమ్మ పచ్చడి చెడదని వాడు ఎక్కడో విన్నాడు. ఒక మిరపపండులో తన ప్రాణం పెట్టి ఆవిడ చేత పచ్చడి పట్టించాడు. అది ఊరేదాకే ఆవిడతో పని. ఊరగానే రాయి చేసేస్తాడు. రోజూ 'ఊరిందా?' అంటాడు. 'ఇంకా లేదు' అంటుంది. పాపం, జాడీ ముట్టుకుంటే ఆవిడ ఆ క్షణమే రాయైపోతుంది."

చిలక ముందు ఎగురుతుంటే మణిధరుడు వెనకే కోటలోకి పరిగెత్తాడు. అక్కడ ధూమ్రకేశుడు జాడీ వాసన చూసి కేకలేస్తున్నాడు. "ఘుమఘుమలాడుతోంది! ఊరలేదంటావా? నాతోనే అబద్ధమా?" అని మంత్రదండం ఎత్తాడు. అయ్యయ్యో! రాణి పాదాలు రాయైపోయాయి! చూస్తుండగానే మోకాళ్లు!

మణిధరుడు కత్తి దూసి జాడీ మీద ఒక్కటేశాడు. కత్తి రెండు ముక్కలైంది, జాడీకి గీత కూడా పడలేదు. "కొట్టరా, బాగా కొట్టు!" అని మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇక ఆ మిరపపండే లాగేద్దామని మణిధరుడు జాడీలోకి చెయ్యి పెట్టబోయాడు. సముద్రపు నీళ్లు ఆ చేతినుంచి ఇంకా కారుతున్నాయి. నడుందాకా రాయైన రాణి, అలవాటు పోతుందా, గట్టిగా అరిచింది.

"ఒరేయ్, తడిచెయ్యి పెట్టకురా!"

అని చప్పున ఆగిపోయింది. తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ ఈ సంగతి తట్టనే లేదు! మణిధరుడు మోచెయ్యిదాకా ముంచేశాడు. ఏం కాలేదు!

"అవి ఉప్పునీళ్లురా! ఉప్పుకి పచ్చడి చెడదు. మంచినీళ్లు కావాలి!" అంది రాణి. మాంత్రికుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఆ మాటలు వాడి చెవికెక్కనే లేదు. అప్పటికి ఆవిడ మెడదాకా రాయి.

మణిధరుడు సొరబుర్ర చేతిమీద వంపుకున్నాడు. అయినా చెయ్యి జాడీ దగ్గరే ఆగింది. ఎన్నేళ్ల తిట్లు మరి!

"పెట్టరా నాయనా! నీ తడిచెయ్యి పెట్టు!" అంది రాణి ఏడుస్తూ.

అడుగుదాకా పెట్టి కలిపాడు. మామూలు పచ్చడికైతే నాలుగు రోజులు పట్టేది. మంత్రాల పచ్చడి కదా, గుప్పున తెల్లగా బూజు పట్టేసింది. జాడీకి పట్టినట్టే మాంత్రికుడి గడ్డానికీ, కనుబొమలకీ, నాలిక్కీ పట్టింది! వాడు గుడ్లు తేలేశాడు.

"తడి తగలకూడదని నాకు చెప్పలేదేం?"

"నువ్వడగలేదుగా!" అంది రాణి.

అంతే, వాడు పొడిపొడిగా రాలిపోయాడు. రాణి కాళ్లూ చేతులూ కదిలాయి. చిలక కాస్తా కనకరేఖ అనే రాకుమారి అయి నిలబడింది. మణిధరుడు నోరు తెరుచుకుని చూస్తుంటే, "ముందు నా మెడ నులమబోయినందుకు లెంపలేసుకో" అంది. వేసుకున్నాడు.

రత్నగిరిలో వాళ్లిద్దరికీ పెళ్లైంది. తాబేలుకి వెండిపళ్లెంలో ఒరుగులు పెట్టారు. పెళ్లివిందులో మణిధరుడు కొత్త జాడీకేసి చెయ్యి చాచాడు. "ఏదీ, చెయ్యి చూపించు" అంది రాణి. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. తడి! ఆ చేతిని ఒకసారి కళ్లకద్దుకుంది, తర్వాత దానిమీదే ఒక్కటేసి తుండుగుడ్డ ఇచ్చింది.

ఆ తర్వాత మణిధరుడు రాజై చాలా ఏళ్లు ఏలాడు. కిరీటం ఉన్నా, సింహాసనం ఉన్నా, చెయ్యి తుడుచుకోకుండా మాత్రం జాడీ దగ్గరికి వెళ్లలేదు. మీరూ లేవండి, చేతులు తుడుచుకుని అన్నానికి రండి.