మొండి అంకెల పంజరం

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పక్క దేశపు రాజకుమారి మాణిక్యవల్లిని ఉగ్రఘంటుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. వాడి శక్తంతా పంజరంలోని ఒక చిలుకలో ఉంది. అది ఎగిరిపోయిందా, వాడు ఉత్త ముసలివాడు.

పెద్ద రాకుమారుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. "ఇక వీళ్ళకోసం కూడా నేనే పోవాలి కాబోలు!" అని విసుక్కుంటూ మూడోవాడు ఇందుశేఖరుడు తాబేలు వీపెక్కి సముద్రాలన్నీ దాటాడు.

మాంత్రికుడి గుహలో అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. పంజరం తలుపు మీద బంగారు అంకెలు మెరుస్తున్నాయి: 142857.

"దీన్ని సున్నాతో తప్ప నీ ఇష్టమొచ్చినదానితో గుణించు," అన్నాడు ఉగ్రఘంటుడు మీసం దువ్వుతూ. "ఈ అంకెల్లో ఒక్కటీ మిగలకపోతే తలుపు తెరుచుకుంటుంది. తప్పినప్పుడల్లా కొంత కొంత రాయివవుతావు. మీ పెద్దన్న పదితో, వందతో, వెయ్యితో, పదివేలతో గుణించాడు. అవే అంకెలు, వెనక సున్నాలు! రెండోవాడు లెక్క మాని కత్తి దూశాడు. కత్తితో సహా రాయయ్యాడు."

"ఓస్, ఇంతేనా!" అని ఇందుశేఖరుడు రెండుతో గుణించాడు. అంకెలు గిర్రున తిరిగి 285714 అయ్యాయి. మళ్ళీ అవే! మోకాళ్ళదాకా రాయయ్యాడు.

అయిదుతో గుణించాడు. 714285. మళ్ళీ అవే! నడుందాకా రాయయ్యాడు.

"ఛీ! తోలేకొద్దీ చుట్టూ తిరిగొస్తాయేం, జోరీగల్లా!" అని పళ్ళు కొరికి ఆరుతో గుణించాడు. 857142. మెడదాకా రాయయ్యాడు.

"నూరేళ్ళుగా వీటినే చూస్తున్నాను, నాకూ విసుగే," అంది చిలుక లోపలినుంచి. "తిట్టి లాభం లేదు నాయనా. అవి ఎలా కదిలాయో చూడు."

చూడక చేసేదేముంది? ముందున్న 142 వెనక్కి పోయింది, వెనకున్న 857 ముందుకొచ్చింది. మొదటి సంఖ్యను దీని కింద పెట్టి మనసులోనే కూడాడు. ఎనిమిదీ ఒకటీ తొమ్మిది. అయిదూ నాలుగూ తొమ్మిది. ఏడూ రెండూ తొమ్మిది. అటుతర్వాతా తొమ్మిదులే! ఆరింతలకు ఇంకో ఇంత కలిస్తే...

"ఏడు!" అని గావుకేక పెట్టాడు.

తలుపు మీద 999999 ధగధగా వెలిగింది. పంజరం తెరుచుకుంది, చిలుక రివ్వున ఎగిరిపోయింది. ఉగ్రఘంటుడు మీసాలు వేలాడేసుకుని చతికిలబడ్డాడు. రాళ్ళన్నీ మనుషులయ్యాయి. మూల చీకట్లోంచి మాణిక్యవల్లి గబగబా వచ్చింది.

"ఏడు అనడానికి ఇంతసేపా? నేను వచ్చిన రోజే కనిపెట్టాను!"

"మరి చెప్పొచ్చు కదా!"

"మంత్రంతో నా నోరు కట్టేశాడు కదా మహానుభావా!"

ఇందుశేఖరుడికి ఒళ్ళు మండింది. మరుక్షణం పకపకా నవ్వొచ్చింది. ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే సముద్రాలు దాటారు, నవ్వుతూనే పెళ్ళాడారు. ఒకరి మాట ఒకరు వింటూ, ఒకరినొకరు విసుక్కుంటూ, తల నెరిసేదాకా రాజ్యాన్ని చల్లగా ఏలారు.