పేరు చెప్పొద్దన్న పెద్దమనిషి

టముకు వేసే పోలమ్మను పెత్తందారు కోనప్ప తన ఇంటికి పిలిచి, "కుమ్మరోళ్లు ఊరబావిలో విషం కలిపారని చాటవే" అన్నాడు.

పోలమ్మ అక్క ఉండేది కుమ్మరివీధిలోనే. బయట జనం అప్పటికే కర్రలు పట్టుకుని ఉన్నారు.

"చాటుతా దొరా. చూసినవాళ్ల పేరు చెప్పందే టముకు వెయ్యకూడదుగా. తమరి పేరు చెప్పనా?"

"నా పేరెందుకే? రేపు విచారణొస్తే? ఎవరో అన్నారని చెప్పు!"

పోలమ్మ ఆ ఇంటిముందే టముకు మోగించింది.

"కుమ్మరోళ్లు బావిలో విషం కలిపారటహో! ఈ మాట చెప్పినాయన, విచారణొస్తుందని భయపడి తన పేరు చెప్పొద్దన్నాడహో!"

ఎత్తిన కర్రలు దిగాయి. "ఎవడే ఆ పిరికిపంద?" అని అరిచారు.

"పేరు చెప్పను నాయనా. ఇప్పుడే ధడాలున తలుపేసుకున్నదెవరో మీరే చూసుకోండి."