పదహారో రేకు

అనగనగా అంటే మరీ అంత దూరమేం కాదు, కృష్ణలో బయల్దేరిన పడవ సముద్రం దాటి సింహళం చేరే రోజుల్లో, ఆ ఏటి ఒడ్డున ఒక పెద్ద స్తూపం ఉండేది. దాని తూర్పు వాకిట నందసిరి అనే శిల్పి ఏడేళ్లు కూర్చుని, తెల్లటి రాతిపలక మీద బుద్ధుడి పాదాలు చెక్కింది.

ఆ కాలంలో అక్కడ బుద్ధుడి రూపం చెక్కేవారు కాదు. పాదాలుంటే చాలు, ఆయన అక్కడ నిలబడి ఉన్నట్టే. వచ్చినవాళ్లు వంగి ఆ పాదాలు తాకి, చేతులు కళ్లకద్దుకుని, నాలుగు పూలు పెట్టి పోయేవారు.

నందసిరి చెక్కిన పాదాల అందం చెప్పతరం కాదు. అరికాలి నడుమ చక్రం, వేళ్ల కింద చేపల జంట, మడమ మీద పదహారు రేకుల తామర. ఆమెకు పెళ్లీ లేదు, పిల్లలూ లేరు. ఉన్నదల్లా ఆ రాయే. అది వెయ్యేళ్లు నిలవాలని ఆమె ఆశ. మనిషి పని బంగారం, నోరు మాత్రం ఉలికన్నా పదును.

నాలుగేళ్లు గడిచాక ఒక ఉదయం ఆమె తామర రేకులు లెక్కపెట్టుకుంది. పదిహేనే ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టింది. పదహారో రేకు అరిగి నున్నటి గుంటై కూర్చుంది.

ఎవరి పనా అని కాపు కాస్తే, పూలమ్మే సులసవ్వ దొరికింది. అవ్వకు చూపు లేదు. రోజూ బుట్ట దించి, పాదాలంతా తడిమి, చివరికి ఆ రేకు మీద బొటనవేలు ఆనించి మెల్లగా రుద్దేది.

"అవ్వా, దండం పెడుతున్నావా, రాయి నూరుతున్నావా?" అంది నందసిరి.

"చూస్తున్నా పిల్లా. నీకు కళ్లున్నాయి, నాకు వేళ్లున్నాయి" అంది అవ్వ తాపీగా.

ఆ కోపం దిగకముందే ఇంకొకడు తగిలాడు. సింహళం నుంచి మొక్కుకోవడానికి వచ్చిన కుమ్మరి, పేరు తిస్సుడు. తడి బంకమట్టి తెచ్చి పాదాల మీద మెత్తి, అచ్చు తీస్తున్నాడు.

"మా ఊళ్లో ఇంత దూరం రాలేని ముసలివాళ్లున్నారక్కా. వాళ్లకోసం పట్టుకెళ్తున్నా."

"వాళ్లకోసం నా రాయికి బురద పూస్తావా?" అని నందసిరి సుత్తి ఎత్తింది. తిస్సుడు అచ్చు చంకన పెట్టుకుని పడవ దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తాడు.

ఇక లాభం లేదని నందసిరి మొదట పలక చుట్టూ తాడు కట్టింది. జనం తాడు కింద దూరి మొక్కారు. తర్వాత ముళ్లకంప వేసింది. జనం కంప పక్కకు జరిపి మొక్కారు, పోతూ పోతూ మళ్లీ సర్ది మరీ పోయారు. అంత మర్యాదస్తులు. మూడోసారి ఆమె రెండు నిలువుల ఎత్తున్న స్తంభం నిలబెట్టించి, పలకను దాని నెత్తిన ఎక్కించింది.

విహారంలో పెద్ద భిక్షువు ధమ్మిలుడు వచ్చి తలెత్తి చూశాడు. "అమ్మా, పాదాలకు మొక్కాలంటే వంగాలా, మెడ ఎత్తాలా?"

"వంగితే అరగదీస్తున్నారు భంతే. అక్కడైతే వెయ్యేళ్లుంటాయి."

భిక్షువు నవ్వి ఊరుకున్నాడు. కానీ తల్లి చంకలో ఉన్న ఒక పసిపిల్ల ఊరుకోలేదు. "అమ్మా, బుద్ధుడు స్తంభం ఎందుకెక్కాడు? దిగడం రాదా?" అని అడిగింది. వాకిలంతా నవ్వింది, ఒక్క నందసిరి తప్ప.

మెల్లగా జనం పడమటి వాకిటికి మళ్లారు. అక్కడ ఎవరో మొరటుగా చెక్కిన పాదాలున్నాయి, కానీ చేతికందుతాయి. సులసవ్వ బుట్ట కూడా అటే మారింది. తూర్పు వాకిట పలక మీద కాకులు కాపురం పెట్టాయి. ఒక్క పువ్వయినా లేని ఆ వాకిట నందసిరి రోజూ కాకుల్ని తోలేది. దింపుదామంటే పంతం అడ్డొచ్చింది.

ఆ ఏడు తుఫాను వచ్చింది. పలక కిందపడి ముక్కచెక్కలైంది.

నందసిరి ముక్కలు ఒళ్లో పోసుకుని ఏడ్చింది. మళ్లీ చెక్కుదామంటే, అన్నేళ్ల రాతిపొడికి కళ్లు మసకబారాయి. సన్నగీతలు కనబడవు, ఎక్కడ ఏ గీత ఉండేదో గుర్తూ లేదు. సులసవ్వ తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. చెదిరిన ముక్కలు ఏరి ఆమె ఒళ్లో వేసింది. తిట్టినా బాగుండేదనిపించింది నందసిరికి.

మరుసటి ఏడు గాలి తిరిగి, సింహళం పడవలు వచ్చాయి. తిస్సుడు దూరంగా నిలబడి, "అక్కా, సుత్తి కింద పెడితే దగ్గరికొస్తా" అన్నాడు.

"రా నాయనా. నా చేతిలో ఏమీ లేదు."

"అప్పటి అచ్చు ఆవంలో కాల్చి మా ఊళ్లో పెట్టానక్కా. రోజూ పూలే పూలు. దాని మీంచి అచ్చులు తీసుకుని నావికులు సువర్ణభూమికీ, చీనాకీ పట్టుకుపోయారు. ఒకసారి అసలు పాదాలకు తాకించి తీసుకుపోదామని తెచ్చా. ఏవీ?"

నందసిరి ముక్కల వైపు చూపించింది. తిస్సుడు మూట విప్పి, అచ్చు ఆమె ఒళ్లో పెట్టాడు.

ఆమె కళ్లు మూసుకుని వేళ్లతో తడిమింది. చక్రం ఉంది. చేపల జంట ఉంది. తామర దగ్గర ఒకటి, రెండు, మూడు అంటూ పదిహేను రేకులు తగిలాయి. పదహారో చోటు నున్నగా ఉంది. సులసవ్వ ఇన్నాళ్లూ ఎలా చూసిందో ఆమెకు అప్పుడు తెలిసింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది, వెంటనే ఉలి కోసం చెయ్యి చాచింది.

రెండేళ్లు తడిమి తడిమి కొత్త పలక చెక్కింది. దాన్ని నేల మీదే పరిపించి, అందరికన్నా ముందు సులసవ్వను పిలిచింది.

అవ్వ వంగి చక్రం తడిమింది, చేపలు తడిమింది, మడమ దగ్గరికొచ్చింది. బొటనవేలు నున్నటి గుంటలో ఒదిగి ఆగిపోయింది.

"ఇది కొత్త రాయన్నారే?"

"కొత్తదే అవ్వా."

"మరి ఇక్కడ నా చోటు?"

"అది కూడా చెక్కాను" అంది నందసిరి.

దాచుకున్న పని ఒక్క గాలికి పోతుంది. పదిమంది చేతికి అందిన పనే పది కాలాలపాటు నిలుస్తుంది.