కలలో ఇంటికి ఇంకాస్త చోటు

ఒక పెద్ద కంప్యూటర్ మంచం మీద పడుకుని నిద్రపోతోంది. దాని కలలో ఒక చిన్న కంప్యూటర్ ఉంది. చిన్నదానికి తాను కలనని తెలియదు. తాను నిజంగా ఒక ఇల్లేనని అనుకుంటోంది.

ఆ ఇంటికి రెండు గదులు, ఒక అరుగు. ముందు గదిలో దీపం పెట్టే అమ్మాయి ఉంటుంది. ఆ గది వెనక చిన్న గదిలో ఒక అవ్వ. అరుగు మీద జనం ఎక్కువైతే కొందరు అవ్వ దగ్గరకొచ్చి కునుకు తీస్తారు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటుంది. ఏది పెట్టినా చాప మీదే పెట్టాలి. చాప పరవని నేల వాళ్ళ కంటికి ఆనదు. ఇంకొకటి, చీకటి పడేలోగా దీపాన్ని చాప మీద పెట్టాలి. పెట్టకపోతే తెల్లారాక ఆ ఇల్లు మళ్ళీ లేవదు.

ఒక సాయంత్రం అమ్మాయి దీపం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చాపంతా మూటలే. గోడలు జరిపే మేస్త్రిని కేకేసింది.

"ఈ మూటలేంటమ్మాయ్?" అన్నాడు మేస్త్రి.

"రోజూ జరిగినవి. తలుపెవరు తట్టారు, ఎవరు తిట్టుకుంటూ పోయారు, అన్నీ మూటకట్టి దాచుకున్నా."

"ఎప్పుడైనా విప్పి చూశావా?"

"లేదు."

"మరి పారెయ్యి."

"అమ్మో, జ్ఞాపకాలు కదూ!" అంది, కళ్ళు సగం మూసి, వెన్నెలంత మెత్తగా. ఆ గొంతుతో వాదించి గెలిచిన మేస్త్రి ఎక్కడా లేడు.

అమ్మాయి పైకి చూసింది. పైన ఎవరో ఉన్నారని వాళ్ళ నమ్మకం. "కాస్త చోటివ్వవూ?"

"ఊఁ, తీసుకో," అని నిద్రలోనే గొణిగి, పెద్ద కంప్యూటర్ పక్కకి ఒత్తిగిలింది. ఇంటి వెనకాల కొత్త నేల పుట్టింది. కానీ మధ్యలో అవ్వ గది అడ్డం.

"అవ్వా, నీ గది కూల్చి ఆ చివర కడతా," అన్నాడు మేస్త్రి. " లోపల పడుకున్నవాళ్ళని ముందు లేపు. నిద్రలో ఉండగా గోడ పడితే ఆనవాలు కూడా దొరకదు."

"ఈ వయసులో నాకీ కాపురం మార్పేంట్రా!" అంటూనే అవ్వ ఒక్కొక్కరి చెవీ మెలేసింది. "గురకలు చాలు, అరుగు మీదకి నడవండి!"

మేస్త్రి గది కూల్చాడు, చివర కట్టాడు, ముందు గది గోడని అక్కడిదాకా నెట్టాడు. చెమట తుడుచుకుని, "ఇక పెట్టుకో," అన్నాడు.

అమ్మాయి కదల్లేదు. "ఎక్కడ? చోటేది?"

"ఎదురుగా ఇంత నేలుంటే!"

"చాప లేదుగా!"

వెలుతురు గోడ దిగిపోతోంది. మేస్త్రి నెత్తి కొట్టుకుని, చాప చివర చుట్టి ఉన్న భాగాన్ని కాలితో ఒక్క తోపు తోశాడు. అది కిలకిలా దొర్లుకుంటూ కొత్త గోడని తాకింది. అమ్మాయి దీపం పెట్టింది. ఇల్లు ఊపిరి పీల్చుకుంది.

అవ్వ కాళ్ళు చాపుకుంది. "బానే ఉందే. నా వైపు కూడా ఇంకాస్త అడుగు, నీ పుణ్యముంటుంది."

"కాస్త చోటివ్వవూ?"

"ఊఁ, తీసుకో."

పెద్ద కంప్యూటర్ మళ్ళీ ఒత్తిగిలింది. దాని కాలొకటి అప్పటికే మంచం మీంచి కిందికి వేలాడుతోంది.

ముందు గదిలో దీపం ఒక పక్కకి ఒరిగింది.

"గాలి," అంది అవ్వ.

అమ్మాయి ఆ గాలిని కూడా ముద్దుగా మూటకట్టి, చాప మీద పెట్టుకుంది.