మచ్చల పిట్ట పాడిన పాట

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏటా చైత్రం రాగానే ఆయన పిట్టల కొలువు తీర్చేవాడు. గొల్లలు, జాలర్లు, రాణులు, ఎవరైనా సరే వచ్చి తాము చూసిన పిట్టల కబుర్లు చెప్పొచ్చు, తెలియనివి అడగొచ్చు. నియమం ఒక్కటే, చూసింది చూసినట్టు చెప్పాలి.

ఒక ఏడు పొరుగుదేశపు రాకుమారి పింఛావతి కూడా కొలువుకు వచ్చింది. చిన్నకొడుకు కువలయుడు లేచి, "నాన్నగారూ! మన వేపచెట్టు మీద ఒంటినిండా తెల్లమచ్చల పిట్ట ఒకటుంది. పాడదు. కిక్కిక్కిక్కుమని అరుస్తుంది. ఏమిటది?" అని అడిగాడు. ఎవరికీ తెలియలేదు. అన్నలిద్దరూ పకపకా నవ్వారు. పింఛావతి మాత్రం, "పదండి, చూద్దాం!" అంది.

ఇద్దరూ ఒకరోజు చూశారు, రెండు రోజులు చూశారు. మూడో రోజు పొద్దున్నే ఎవరొచ్చారనుకున్నారు? కరాళుడనే మాంత్రికుడు! గాలిదుమారంలా దిగి పింఛావతిని ఎత్తుకుపోయాడు. పోతూ పోతూ, "ఏడు సముద్రాల అవతల నా దీవిలో, ఒక పిట్టలో నా ప్రాణం ఉంది. అది పట్టినవాడికే ఈ పిల్ల! తప్పు పిట్టను పట్టారో, రాయైపోతారు! చైత్రం దాటిందా, దీనికి నాతోనే పెళ్ళి!" అని అరిచాడు.

కువలయుడికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ కన్నీళ్ళలోంచే చూశాడు. నల్లకోయిల ఒకటి కుహూ కుహూ అంటూ వచ్చి, మచ్చల పిట్ట నోటికి పండు అందించింది. ఓహో, మచ్చలది ఆడకోయిలన్నమాట! పాడేది మగది!

వయసు ప్రకారం ముందు పెద్దవాడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. తర్వాత రెండోవాడు వెళ్ళాడు. వాడూ రాలేదు. ఇక కువలయుడు బయల్దేరాడు. నిరుడు అతను వలలోంచి విడిపించిన సముద్రపు గద్ద వచ్చి, "ఎక్కు బాబూ!" అంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు.

దీవిలో వేలకు వేలు పిట్టలు! అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. మాంత్రికుడి ప్రాణం చిలకలో కాక ఎక్కడుంటుందని పెద్దవాడి ధీమా. చిలకను పట్టాడు. రెండోవాడు హంసను పట్టాడు. ఆ రోజుతో చైత్రం ఆఖరు.

కువలయుడు పింఛావతిని బంధించిన మేడ కిటికీవైపు తలెత్తి, "రాకుమారీ! ఇన్నాళ్ళూ ఏమేం పిట్టలు చూశావు? చూసింది చూసినట్టు చెప్పు!" అన్నాడు.

"చచ్చే ముందు పిట్టల కబుర్లా!" అని కరాళుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పాలపిట్టను చూశాను! లకుముకి పిట్టను చూశాను! మన వేపచెట్టు మచ్చల పిట్ట లేదూ, అచ్చం అలాంటిదే ఆ మామిడికొమ్మ మీద ఉంది. పొద్దున్నే కుహూ అని ఎంత బాగా పాడుతుందో!"

కువలయుడు ఒక్క అడుగు ముందుకేశాడు. "పాడుతుందా? నల్లది కాదూ?"

"మచ్చలదే! ఈ రెండు కళ్ళతో చూశాను!"

కరాళుడి నవ్వు ఆగిపోయింది. కువలయుడు ఒక్క ఉరుకున చెట్టెక్కి ఆ పిట్టను పట్టాడు. అరచేతిలో గుండె కొట్టుకోవడం లేదు. మట్టిబొమ్మ! నేలకేసి కొట్టాడు. బొమ్మ ముక్కలైంది, మాంత్రికుడు బూడిదయ్యాడు. తన ప్రాణం దాచడానికి ఆ బొమ్మ చేసినప్పుడు, పాడేది ఆడకోయిలే అనుకున్నాడు పాపం. ఒక్కనాడైనా చెట్టు కింద కూర్చుని చూస్తే కదా!

రాళ్ళు మళ్ళీ అన్నలయ్యాయి. సిగ్గుతో తమ్ముణ్ణి కావిలించుకున్నారు. ఏడు ఊళ్ళు కదిలొచ్చి పెళ్ళి చూశాయి. కువలయుడూ పింఛావతీ నిండా అరవై చైత్రాలు రాజ్యమేలారు.

ఆ అరవయ్యో చైత్రాన కూడా ఇద్దరూ తోటలోంచి రొప్పుకుంటూ కొలువులోకి వచ్చారు. "ఒక పిట్టను చూశాం!" అన్నాడు తలపండిన రాజు. "అదేమిటో మాకు తెలియదు!" అంది రాణి. అంతే, కొలువు కొలువంతా లేచి తోటలోకి పరుగుతీసింది.